నల్లమల అంచు కుక్కలు, డిస్టెంపర్ వైరస్: మా ప్రాజెక్టు డైరీ

అక్టోబరు

పులుల ఆరోగ్యం మీద ప్రాజెక్టు అనగానే అందరూ మొదట అడిగేది ఒకటే: "పులికి మత్తుసూది ఎవరు వేస్తారు?" ఎవరూ వేయరు. మేం పులిని ముట్టుకోం, కోర్ ఏరియాలో అడుగు పెట్టం. వన్యప్రాణిని పట్టాలన్నా, దాని రక్తం తీయాలన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చాలా పైనుంచి అనుమతి రావాలి. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ప్రాజెక్టు గడువు అక్కడే తీరిపోతుంది. మా పనంతా నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం బయట, ఆత్మకూరు, దోర్నాల వైపు అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లలో, చెంచుగూడేల్లో. పని చేసేది కుక్కలతో.

కుక్కలే ఎందుకంటే, 2018 సెప్టెంబరులో గిర్ అడవిలోని దల్ఖానియా రేంజిలో సింహాలు వరసగా చనిపోయాయి. మూడు వారాల్లో 23 పోయాయి. తమలో తాము కొట్టుకుని చచ్చాయని మొదట అన్నారు. తర్వాత పుణెలోని వైరాలజీ సంస్థ పరీక్షల్లో కెనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కొన్నిటిలో పిడుదుల వల్ల వచ్చే బెబీసియా అనే రక్తపు పరాన్నజీవి కూడా కనిపించింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి, పట్టి ఉంచిన సింహాలకు వేశారు. అంతకు ముందు 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో ఇదే వైరస్ దాదాపు వెయ్యి సింహాలను, అంటే అక్కడున్నవాటిలో మూడో వంతును పొట్టన పెట్టుకుంది.

డిస్టెంపర్, మనుషులకు వచ్చే తట్టు, ఒకప్పుడు పశువులను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్, మూడూ ఒకే కుటుంబం వైరస్‌లు. డిస్టెంపర్ పేరులో కుక్క ఉన్నా అది కుక్కల దగ్గర ఆగదు. నక్క, తోడేలు, రేచుకుక్క, పునుగుపిల్లి, చిరుత, పులి, ఏదీ దానికి మినహాయింపు కాదు. ఊపిరి తుంపర్ల ద్వారా అంటుకుంటుంది. ఒంట్లోంచి బయటపడ్డాక ఎండలో ఎక్కువసేపు బతకదు కాబట్టి అంటుకోవాలంటే రెండు జంతువులు దగ్గరికి రావాలి. అడవి అంచున అలా దగ్గరికొచ్చే సందర్భాలకు కొదవ లేదు. చిరుతకు ఊరకుక్క ఇష్టమైన తిండి. పైగా జబ్బుతో తూలుతున్న కుక్కే దానికి సులువుగా దొరుకుతుంది.

2022 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ మొత్తానికి పులులు 63. ఇంత చిన్న సంఖ్య దగ్గర జబ్బు ప్రభావం వేరేగా ఉంటుంది. రష్యా తూర్పు ప్రాంతంలోని ఆమూర్ పులుల మీద 2014లో ఒక గణిత నమూనా వేశారు. 25 పులులున్న గుంపులో డిస్టెంపర్ ఉంటే, రాబోయే 50 ఏళ్లలో ఆ గుంపు పూర్తిగా అంతరించిపోయే అవకాశం 1.65 రెట్లు అవుతుందని తేలింది. వందల్లో ఉన్నచోట నాలుగు పోతే తట్టుకుంటాయి. పాతిక ఉన్నచోట ఆ నాలుగూ పిల్లల్ని పెంచుతున్న ఆడపులులైతే కోలుకోవడం కష్టం.

నవంబరు

ఈ నెలంతా లెక్క. టీకా ఎన్ని కుక్కలకు వేశామో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, మొత్తం ఎన్నిట్లో అన్నిటికి వేశారంటే మాత్రం జవాబుండదు. ఊళ్లో ఉన్న కుక్కల మొత్తం తెలియకుండా "విజయవంతంగా నిర్వహించాం" అని బ్యానర్ కట్టి ఫొటో దిగే క్యాంపులంటే నాకు ఒళ్లు మంట.

పద్ధతి పాతదే. పొద్దున్నే ఒకసారి వీధివీధీ తిరిగి, దొరికిన ప్రతి కుక్కకూ వీపు మీద గొర్రెలకు పూసే రంగు పూస్తాం. దొరకనివాటిని రెండు పక్కల నుంచీ ఫొటో తీస్తాం. సాయంత్రం మళ్లీ అదే దారిన నడిచి, కనిపించినవాటిలో రంగున్నవి ఎన్నో, లేనివి ఎన్నో రాసుకుంటాం. ఉదాహరణకు పొద్దున 40 కుక్కలకు రంగు పడింది, సాయంత్రం 30 కనిపించాయి, అందులో 20కి రంగుంది అనుకోండి. అంటే మనం రంగు వేసినవి ఊళ్లోని కుక్కల్లో మూడింట రెండు వంతులు, మొత్తం 60 దాకా ఉంటాయి. సర్పంచిని అడిగితే చెప్పే లెక్క ఎప్పుడూ దీనికన్నా తక్కువే. ఇంటి కుక్కల్ని మాత్రమే ఆయన కుక్కలుగా లెక్కేస్తాడు.

గూడేల్లో రంగు అక్కర్లేదు. ప్రతి కుక్కకూ మనిషి ఉంటాడు, పేరుంటుంది. చెంచు పిల్లలు ఏ కుక్క ఏ కుక్క పిల్లో, ఏది ఎవరితో అడవికి పోయిందో వరసగా చెబుతారు. మా నోటు పుస్తకంలో ఉన్న అన్ని వివరాల్లోకీ నమ్మదగ్గవి అవే.

గొర్రెలోళ్ల కుక్కల సంగతి వేరు. అవి ఒక ఊరివి కావు. మందతో పాటు ఏడాదిలో సగం దారుల మీదే ఉంటాయి. దోర్నాల రోడ్డు పక్కన మందను ఆపుకున్న ఒకాయన మా సంచి చూసి అడిగాడు: "సూదేస్తే కుక్క మెత్తబడిపోతాదంట గదా సారూ? రేత్రి చిరుతపులొస్తే మొరగొద్దా?" పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ టీకాకూ తేడా లేదనుకుంటున్నాడు. మా జట్టులోని గోపాలమిత్ర, అంటే ఊళ్లలో పశువుల పనులు చూసే మనిషి, అక్కడే కూర్చుని, గొర్రెలకు వేసే టీకాలనే ఉదాహరణగా తీసుకుని ఓపిగ్గా చెప్పాడు. నేను చెప్పి ఉంటే వినేవాడు కాదు.

డిసెంబరు

కుక్కలు ఈనుతున్నాయి. ఎక్కడ చూసినా గడ్డివాముల కింద, కల్వర్టుల్లో, బడి వెనకాల పిల్లలే. మన దేశంలో ఊరకుక్కలు ఎక్కువగా వానాకాలం చివర జత కడతాయి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈనుతాయి. ఇది ఈ ప్రాజెక్టులో ఇంత ముఖ్యమవుతుందని మొదట్లో అనుకోలేదు.

ఒక గూడెంలో అవ్వను అడిగాను: "అవ్వా, పోయినేడు మీ కుక్క ఈనినవాటిలో ఎన్ని మిగిలాయి?"

"ఏం మిగిలినాయి నాయనా. కండ్లు పుసులు కట్టి, ముక్కులు కారి, తలకాయ ఎగరేసుకుంటా ఎగరేసుకుంటా పోయినాయి. ఇదొక్కటే దక్కె."

"ఎప్పుడవ్వా అది?"

"శివరాత్రి అయినాక. ఎండ మొదలుపెట్టినాక."

కళ్లు, ముక్కు కారడం, దగ్గు, విరేచనాలు, ఆ తర్వాత కండరాలు తాళం వేసినట్టు ఒకే లయలో అదరడం, నోరు నమిలినట్టు కదులుతూ ఫిట్స్ రావడం. ఇవన్నీ డిస్టెంపర్ గుర్తులు, చివరి రెండూ అది నాడుల దాకా పాకిందనడానికి. అవ్వ చెప్పింది పరీక్ష కాదు, నిజమే. కానీ నాలుగైదు గూడేల్లో అడిగితే కాలం గురించి అందరూ ఇంచుమించు ఇదే చెప్పారు. కొందరు శివరాత్రి అన్నారు, కొందరు ఉగాది ముందు అన్నారు.

ఇంకో చిక్కుంది. ఊళ్లలో అయితే ఈ దశకు వచ్చిన కుక్కను పిచ్చికుక్క అని కొట్టి చంపేస్తారు. రేబిస్ భయం అలాంటిది, తప్పు పట్టలేం. కానీ అలా చచ్చిన కుక్కను గుంత తీసి పూడ్చేస్తారు కాబట్టి అది రేబిసా, డిస్టెంపరా అన్నది ఎవరికీ తెలియదు. రెండూ ఊళ్లో ఉండొచ్చు. అందుకే మా జట్టులో ప్రతి ఒక్కరం పని మొదలుపెట్టకముందే రేబిస్ టీకా వేయించుకున్నాం. గీత పడినా సరే, పావుగంట సబ్బు నీళ్లతో కడుక్కుని ఆస్పత్రికి పోవాలన్నది మా మొదటి నియమం.

జనవరి

రక్తం తీయడం మొదలైంది. ముందున్న కాలి మీది సిర నుంచి కొద్దిగా రక్తం, కంటి కింది రెప్ప లోపల పుల్లతో ఒక నమూనా. కుక్కను యజమానే పట్టుకోవాలి. మూతికి గుడ్డ పట్టీతో ముడి. రక్తం గడ్డ కట్టేదాకా ట్యూబు నీడలో ఏటవాలుగా పెట్టి, పైన తేలిన సీరం తీసి ఐస్ పెట్టెలోకి. కంటి నమూనాలో వెతికేది వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం. అది ఎండలో త్వరగా పాడవుతుంది కాబట్టి పుల్లను నేరుగా దాన్ని కాపాడే ద్రావణంలో ముంచుతాం.

క్రమం ముఖ్యం. ముందు నమూనా, తర్వాతే టీకా. డిస్టెంపర్ టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. టీకా వేశాక కొన్నాళ్లు పరీక్షల్లో అదే కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. అలాగే ఆరోగ్యంగా ఉన్నవాటిని ముందు ముట్టుకుని, ముక్కు కారుతున్నవాటిని చివర్న చూడాలి. చెప్పులకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లు తప్పనిసరి. డిస్టెంపర్ ఎండకు చస్తుంది గానీ కుక్కలకు వచ్చే ఇంకో వైరస్ పార్వో అలా కాదు, మట్టిలో నెలల తరబడి బతికి మన చెప్పుల మీదే ఊరూరూ తిరుగుతుంది. కుక్కల్ని కాపాడతామని పోయి పార్వో అంటించి రావడం కన్నా సిగ్గుచేటు ఉండదు.

సీరం పరీక్షల మొదటి విడత వచ్చింది. ఏడాది దాటిన కుక్కల్లో ఎక్కువవాటిలో యాంటీబాడీలున్నాయి. ఇది వింతేమీ కాదు. మహారాష్ట్రలో సోలాపూర్ దగ్గర నన్నజ్ పరిసరాల్లో కుక్కల మీద, గుంటనక్కల మీద పని చేసినవాళ్లకు కూడా కుక్కల్లో పదింట తొమ్మిదికి డిస్టెంపర్ తగిలిన ఆనవాళ్లు కనిపించాయి.

ఆఫీసులో ఈ కాగితం చూడగానే టెన్షన్ పడ్డారు, "ఇన్ని కుక్కలకు జబ్బా?" అని. కాదు. యాంటీబాడీ ఉన్న కుక్క అంటే ఇప్పుడు జబ్బుతో ఉన్న కుక్క కాదు, జబ్బు నుంచి బయటపడిన కుక్క. ఒకసారి బయటపడితే చాలా ఏళ్లు, ఒక్కోసారి బతికినంత కాలం రక్షణ ఉంటుంది. చచ్చినవి మన లెక్కలోకి రావు కదా, రక్తం ఇవ్వడానికి అవి లేవు. పెద్ద కుక్కను చూస్తే వైరస్ ఎప్పుడో వచ్చిపోయిందని మాత్రమే తెలుస్తుంది, పోయినేడా, నాలుగేళ్ల కిందా అని తెలియదు.

కాలం చెప్పేది చిన్న కుక్కలే. అయిదారు నెలల కుక్కలో, టీకా పడనిదానిలో యాంటీబాడీ కనిపిస్తే వైరస్ ఈ మధ్యే ఈ ఊరికి వచ్చినట్టు. రెండు మూడు నెలల పిల్లలో కనిపిస్తే మాత్రం అర్థం లేదు, అది తల్లి పాల నుంచి వచ్చింది. మా నమూనాల్లో ఆత్మకూరు టౌనుకు దగ్గరి ఊళ్ల కుర్రకుక్కల్లో కొన్నిటికి ఉంది. లోపలి గూడేల్లో కుర్రవాటికి దాదాపు లేదు, పెద్దవాటికి ఉంది.

దీన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాం. పాతిక కుక్కలున్న గూడెంలో ఈ వైరస్ నిలవలేదు. వస్తుంది, దొరికినవాటికల్లా అంటుతుంది, చచ్చేవి చస్తాయి, మిగిలినవాటికి రక్షణ వస్తుంది, ఇక అంటించడానికి ఎవరూ ఉండరు, వైరస్ అక్కడితో ఆరిపోతుంది. తట్టు కూడా ఇంతే, అది ఆగకుండా తిరగాలంటే రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల జనాభా కావాలని పాత లెక్కలు. గూడెం కుక్కలు ఈ జబ్బుకు గోదాము కావు. బయటి నుంచి ప్రతిసారీ ఎవరో తెస్తున్నారు. ఎవరన్నదే ప్రశ్న.

ఫిబ్రవరి

శివరాత్రికి శ్రీశైలం వెళ్లే కాలిదారి తెరుస్తారు. వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా పైకి. ఉగాది ముందు కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు కూడా ఇదే దారి పడతారు. అన్నదానం పందిళ్లు, విస్తళ్లు, మిగిలిన అన్నం. జనం వెంట కుక్కలు పోకుండా ఉంటాయా? పోయినేడు నాగలూటి దగ్గర కుక్కల్ని మేం ఫొటోలు తీశాం. అవి ఏ గూడెంవీ కావు, చెంచు పిల్లలు ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు.

ఇప్పుడు డిసెంబరులో రాసుకున్నది దీని పక్కన పెట్టి చూడండి. కార్తీకం, మార్గశిరంలో పుట్టిన పిల్లలకు తల్లి నుంచి వచ్చిన రక్షణ మూడు నాలుగు నెలలకు పూర్తిగా కరిగిపోతుంది. అంటే మాఘం చివరికి, శివరాత్రికి. ఏడాది మొత్తంలో రక్షణ లేని కుక్కలు అడవి అంచున అత్యధికంగా ఉండేది అప్పుడే. బయటి కుక్కలు లోపలికి నడిచొచ్చేదీ అప్పుడే. అవ్వ చెప్పిన కాలం ఊరికే కలిసింది కాదని నాకు అనిపిస్తోంది. ఇది ఇంకా మా ఊహే. కానీ టీకా ఎప్పుడు వేయాలో నిర్ణయించుకోవడానికి ఆ ఊహ చాలు.

మామూలుగా టీకా క్యాంపు జులైలోనో, సెప్టెంబరు చివర రేబిస్ దినోత్సవానికో పెడతారు. అప్పటికి పిల్లలే ఉండవు. మా క్యాంపును సంక్రాంతి తర్వాతికి మార్చాం. నిధులిచ్చేవాళ్లకు ఆర్థిక సంవత్సరం చివర ఖర్చు ఎందుకు పెరిగిందో ఉత్తరం రాయాల్సి వచ్చింది, రాశాం.

ఇంకా చిక్కు ఏంటంటే, తల్లి రక్షణ ఉన్నంతకాలం టీకా పట్టదు. ఇంట్లో పెంచుకునే పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల దాకా వేస్తూ పోతారు. గడ్డివాము కింది పిల్లకు అన్నిసార్లు ఎవరు వేస్తారు? ఒక్కసారే దొరుకుతుందనుకుని, ఆ ఒక్కసారి ఎప్పుడు దొరికితే మేలో ఆలోచించాం. సంక్రాంతి తర్వాత మొదటి డోసు, శివరాత్రికి ముందు రెండోది. రెండోసారి దొరకని పిల్లలు ఎలాగూ ఉంటాయి.

డబ్బాలో రెండు రకాల టీకాలు పక్కపక్కనే ఉంటాయి, రెండింటి స్వభావం వేరు. డిస్టెంపర్ టీకా ఎండబెట్టిన బిళ్లలా వస్తుంది, వేసే ముందు నీళ్ల సీసాతో కలపాలి, కలిపాక ఎక్కువసేపు ఉంచకూడదు. వేడి తగిలితే పనికిరాదు. రేబిస్ టీకాకు చలి ఎక్కువై గడ్డ కడితే పనికిరాదు. రెండూ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టకూడదు. బయట కాసేపు ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడ్డాకే పెట్టాలి. పల్స్ పోలియోలో పని చేసిన ఏఎన్ఎం ఒకావిడ మాకు ఇది నేర్పింది. మా వెటర్నరీ డిగ్రీలన్నీ పక్కనుండగానే.

ఎంత శాతం కుక్కలకు పడాలన్నది సులువైన లెక్క. ఒక జబ్బు కుక్క సగటున నాలుగింటికి అంటిస్తే, నాలుగింట మూడు వంతుల కుక్కలకు రక్షణ ఉంటే వ్యాప్తి ఆగుతుంది. కాగితం మీద. కానీ ఈ ఏడు మూడు వంతులు సాధించినా, వచ్చే డిసెంబరుకు కొత్త పిల్లలు పుట్టి, పాతవాటిలో కొన్నిటిని చిరుత, లారీ, ముసలితనం పట్టుకుపోయి ఆ శాతం మళ్లీ కిందికి జారుతుంది. ఒక్క ఏడాది ప్రాజెక్టు అంటే ఒక్క ఏడాది రక్షణే.

మార్చి

పెచ్చెరువు దారి పక్కన పునుగుపిల్లి ఒకటి పట్టపగలు మనుషుల మధ్య తిరుగుతోందని బీటు సిబ్బంది చెప్పారు. మేం వెళ్లే హక్కు లేదు, వెళ్లలేదు. అటవీ శాఖ పశువైద్యుడికి చెప్పి, చనిపోతే మెదడు, ఊపిరితిత్తి ముక్కలు డిస్టెంపర్ పరీక్షకు కూడా పంపమని కోరాం. అది పొదల్లోకి పోయి మళ్లీ కనిపించలేదట.

ఆమూర్ పులి కథ గుర్తొచ్చి అడిగాం. 2003లో పోక్రోవ్కా అనే ఊళ్లోకి ఒక ఆడపులి భయం లేకుండా నడుచుకుంటూ వచ్చింది. కొన్నాళ్లకు చనిపోయింది. డిస్టెంపర్ అని తేలింది చాలా తర్వాత, దాచిన కణజాలం పరీక్షించాక. అడవి జంతువు మనిషికి భయపడటం మానేస్తే దానికి ధైర్యం వచ్చిందని అనుకోకూడదు.

అక్కడే మా ప్రాజెక్టుకు ఇబ్బందికరమైన సంగతి కూడా ఉంది. ఆమూర్ పులుల వైరస్‌ను జన్యుపరంగా పోల్చి చూసి 2020లో తేల్చిందేమంటే, అది ఊరకుక్కల కన్నా అడవిలోని చిన్న మాంసాహారుల నుంచే ఎక్కువగా వస్తోందని. కుక్కలకు టీకా వేస్తే చాలదు, పులులకే వేయాల్సి రావచ్చని. సెరెంగెటిలోనూ అంతే, చుట్టూ కుక్కలకు టీకాలు వేశాక కుక్కల్లో డిస్టెంపర్ తగ్గింది గానీ సింహాలకు తగలడం ఆగలేదు. ఇంకో జంతువేదో దాన్ని మోస్తోంది. పైగా 1994లో అన్ని సింహాలు చావడానికి వైరస్ ఒక్కటే కారణం కాదు. కరువులో చిక్కిన అడవిదున్నల నిండా పిడుదులు, వాటిని తిన్న సింహాల్లో బెబీసియా, దాని మీద రోగనిరోధక శక్తిని దెబ్బతీసే డిస్టెంపర్. అన్నీ కలిసొచ్చాయి. అందుకే సీరం పక్కన ఒక రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి ఉంచడం కూడా ఈ నెల నుంచి మొదలుపెట్టాం.

కాబట్టి ఈ ప్రాజెక్టు వల్ల నల్లమల పులులు బతుకుతాయని నేను ఎక్కడా రాయను. రిపోర్టు ముసాయిదాలో ఎవరో "పులుల పరిరక్షణలో మైలురాయి" అని పెడితే కొట్టేశాను. గూడెం పిల్లల్ని కరిచే కుక్కలకు రేబిస్ టీకా పడింది, ఈ ఏడు పుట్టిన కుక్కపిల్లల్లో చాలావాటికి డిస్టెంపర్ టీకా పడింది. వైరస్ లోపలికి వెళ్లే దారుల్లో ఒకటి కొంత ఇరుకైంది. రెండో దారి పునుగుపిల్లులదో, నక్కలదో, మాకు కనిపించనిదో, అది అటవీ శాఖ పోస్టుమార్టంలలోనే బయటపడాలి.

ఉగాది తర్వాత చేయాల్సినవి: రెండో డోసు దొరకని పిల్లల ఫొటోలు చెంచు పిల్లలకిచ్చి వెతికించాలి. ఈ సీజనులో ముక్కు కారిన కుక్కల నమూనాలు హైదరాబాద్ ల్యాబుకు బస్సులో కాకుండా మనిషి చేతనే పంపాలి, పోయినసారి పెట్టె మధ్యాహ్నమంతా డిక్కీలో ఉండిపోయింది. గొర్రెలోళ్ల మందలు ఏ నెలలో ఎక్కడుంటాయో పటం గీయాలి. గోపాలమిత్రకు మూడు నెలల భత్యం బాకీ ఉంది, అది ముందు ఇప్పించాలి.